మూడు పూతల ఆముదం

దేవరకొండ దాటినంక, చెల్కల్లో
ఆముదం కాడ మీద వేలు పెడితే
తెల్లగా అంటుకుంటుంది.
సున్నం కాదు, పిండీ కాదు.
కాడకు, ఆకుకు, కాయకు
మూడు పూతలున్న రకం.
నేను రిజిస్టర్లో "మైనం: మూడు" అని రాస్తాను.
బక్కమ్మ "బూడిద పూసుకున్నది" అంటుంది.

మైనం కింద ఇంకో పొర.
అవభాసిని.
పరీక్షలో తప్ప ఎక్కడా వాడని ఆ మాటను
ఎండలో, గెల పట్టుకుని,
మొదటిసారి పైకి అన్నాను.
"ఎవరి బిడ్డ?" అనడిగింది బక్కమ్మ.

చెట్టు బిడ్డే.
నీళ్లు బయటికి పోకుండా, గాలిదుమ్ము లోపలికి రాకుండా
చెట్టు తన ఒంటి మీదే నేసుకున్న బట్ట.
గుండీ లేదు, కుట్టు లేదు.

గెల కింది సగం మొగపూలు.
పై సగంలో ఆడపూలు ఎర్రని నాలుకలు చాపుతాయి.
పొద్దెక్కకముందే మొగపూలు గిల్లి
గెలకు కాగితం సంచి తొడిగి దారం కడుతుంది బక్కమ్మ.
రెండో రోజు సంచి విప్పి
వేరే చెట్టు పుప్పొడి దులుపుతుంది,
ఉప్పు చల్లినట్టు, కొంచెం.
రేణువు తలుపు కొట్టదు.
వెంట తెచ్చుకున్న ఎంజైముతో
పొరను ఆవగింజలో వెయ్యోవంతు కరిగించి
దారి చేసుకుంటుంది.
(చదివింది వేరే పూల గురించి.
ఆముదంలో ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.)

స్వాతి కార్తెలో మూడు రోజుల ముసురు.
డిండి వైపు నుంచి గాలి.
నాలుగోనాడు గెలల మీద బూజు,
ఎలుక తోలు రంగు.
దాని బీజం దగ్గరా అలాంటి ఎంజైమే.
మొదట కొంచెమే ఉంటుంది,
గడప గీకి ఆ పొడి నాలుకకు తగిలితే చాలు,
ఆ రుచి పట్టుకుని
రాత్రికి రాత్రే తాళంచెవి పోసుకుంటుంది.

ఇదంతా చెప్పాను. షెడ్డులో, వాన చూస్తూ.
బక్కమ్మ చుట్ట ఆర్పి
"అల్లునికీ దొంగకూ ఒకటే చెవా?" అంది.
కాసేపాగి
"మరి తాళం మారిస్తే అల్లుడెట్ల వస్తడు?"

నేను మూడేళ్లుగా రాస్తున్న ప్రాజెక్టులో
ఆ ప్రశ్న లేదు.

బూజు పట్టిన గెలలు కోసి
గోనె సంచుల్లో మోసుకుపోయి కాల్చాం.
తడి కాయలు చిటపటమన్నాయి.
చేతులు కడుక్కున్నా
ఆమె బొటనవేలు మీద తెలుపు పోలేదు.
ఇరవై ఏళ్లుగా గిల్లిన వేలు అది.
మైనం తుడిచీ, పూలు విప్పీ
గీతలు అరిగిపోయాయి.

నెలకోసారి రేషన్ మిషన్ మీద పెడుతుంది.
మిషన్ ఎర్రగా మెరిసి
ఈమె ఎవరో నాకు తెలియదంటుంది.
డీలర్ నర్సిరెడ్డి "తుడువు, మళ్లీ పెట్టు" అంటాడు.
మళ్లీ.
మళ్లీ.
వెనక వరసలో ఎవరో దగ్గుతారు.

ఒక బూజు బీజం, కంటికి ఆననిది,
ఏ గెల మీద వాలినా
ఇది ఆముదమని ఇట్టే గుర్తుపడుతుంది.

ఈసారి ఆమె కొంగుముడిలోంచి
చిన్న సీసా తీసింది.
రెండు చుక్కల ఆముదం బొటనవేలికి రాసి
ఊది
అద్దం మీద ఒత్తింది.
"తెలిసినోళ్లను పట్టుకొచ్చిన" అంది మిషన్‌తో.

పచ్చ దీపం వెలిగిందో లేదో
నాకు కనబడలేదు,
ముందున్నాయన సంచి అడ్డమొచ్చింది.