కొమ్ము లెక్క

కంటాసుపత్రిలో చీటీ రాసే కుర్రాడు
ఒడియాలో అడిగాడు, వయసెంతని.
తెలీదన్నాను తెలుగులో.
వాడు తలెత్తి నా మొహం చూసి
అరవై ఎనిమిది వేశాడు.
సంతలో గొడ్డుని చూసినట్టే చూశాడు గానీ
పళ్ళు చూడలేదు, అదొక్కటే తక్కువ.

చూసినా దొరకవు.
కింద మూడు, పైన ఒకటి.
ఎదురుబొదురు లేక
ఒకదాంతో ఒకటి మాటలు మానేశాయి.

కంట్లో పొరట.
పలచగా తీసిన కొమ్ము పలకలోంచి
దీపాన్ని చూసినట్టుంది లోకం,
పచ్చగా, మసగ్గా, చెడ్డగా ఏం లేదు.

నాకు కొమ్ము వయసు చెప్పడం వచ్చు.
పర్లాకిమిడిలో యాభయ్యేళ్ళు
కోసి, కాచి, వంచి
కొంగలు చేశాను, రొయ్యలు చేశాను,
రొయ్యకి మీసాలు పెట్టి అమ్ముకున్నాను.
ఆవు కొమ్ము మొదట్లో బొటనవేలు పెట్టి
పైకి జరిపితే తగులుతాయి ఉంగరాలు,
ఈతకొకటి.
మొదట్లోది కొత్తది.
మొన దగ్గర నున్నగా ఉన్నదంతా పెయ్యప్పటిది.
రెండు ఉంగరాల మధ్య ఎడం ఎక్కువుంటే
ఆ ఏడు చూలు నిలవలేదని.

ఒండియా గొమాంగో తెచ్చినదానికి
పదకొండు ఉంగరాలు.
కొండ మీంచి మోసుకొచ్చి
"పారెయ్యలేను, నువ్వేటైనా చెయ్యి" అన్నాడు.
డబ్బడగలేదు. ఆవు పేరు మాత్రం చెప్పాడు.
నేను మరిచిపోయాను.
అదీ వయసే.

లేత కొమ్ము డొల్ల.
సెగ చూపిస్తే చెప్పినట్టు వంగుతుంది,
తెల్లారేసరికి మళ్ళీ తన దారిన తాను.
ముసలి కొమ్ము అలాక్కాదు.
పొరలు లేచి, చెక్కలు రేగి,
ఏట్లో కొట్టుకొచ్చిన వేరులా ఉంటుంది.
ఆ పైది చెక్కేస్తే
లోపల నల్లగా, నిండుగా, మొనదాకా రాయి.
మెరుగంతా దానికే.
మనుషులూ అంతేనని చెప్పాలనుంటుంది నాకు.
చెప్పను.
నా మోకాళ్ళు ఏ సెగకీ వంగడం లేదు,
మెరుగూ లేదు.

గోళ్ళు మాత్రం కొమ్ములవుతున్నాయి.
కాలి బొటనవేలిది పసుపెక్కి, గట్టిపడి,
నిలువునా గీతలు పడి
పక్కకి తిరిగింది పొట్టేలు కొమ్ములా.
కత్తెర వల్ల కాదని
కూర్మమ్మ నా చిన్నరంపం అందుకుంది.
నవ్వి నవ్వి దగ్గొచ్చింది ఇద్దరికీ.
పొడి రాలుతుంటే ముక్కుకే ముందు తెలిసింది.
అదే వాసన. యాభయ్యేళ్ళుగా
నా చొక్కాలకి పట్టిన వాసన.
అంతా ఒకటే సరుకన్నమాట.

కూర్మమ్మకి నాలుగు కాన్పులు.
నీ ఉంగరాలెక్కడే అనడిగితే
చేతిలో రంపం ఆపి
"నడుంలో ఒకటి, పిక్కల్లో రెండు,
నాలుగోది లెక్కకి రానేదు" అంది.
నాలుగోవాడు తొమ్మిది రోజులే ఉన్నాడు.
మళ్ళీ కొయ్యడం మొదలెట్టింది.

పెళ్ళైన ఏడు తనకో దువ్వెన చేశాను.
జడ నా మణికట్టంత లావు.
పళ్ళు ఎడంగా తియ్యకపోతే విరిగేవి.
ఆ తర్వాత ప్రతి దువ్వెనకీ
ఎడం కొంచెం తగ్గిస్తూ వచ్చాను,
చెప్పకుండానే.
తనూ అడగలేదు.
ఇప్పుడు ముడేస్తే ఉసిరికాయంత.
రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు తిరిగినా వదులే.

నిన్న ఒండియా కొమ్ము తీశాను.
కంటి ఆపరేషనుకి ఇంకా పది రోజులుంది,
ఆగొచ్చు, ఆగలేదు.
గీసిన గీత కనబడదు,
చెయ్యి వణికినచోటల్లా ఒక పన్ను.
కొన్ని దగ్గర, కొన్ని దూరం,
రెండు విరిగాయి.

రాత్రి కరెంటు పోయినప్పుడు చేతిలో పెట్టాను.
పళ్ళ మీద బొటనవేలు మీటి
"నీ నోరులాగే ఉంది" అని
ముడి విప్పుకుంది.
చీకట్లో దువ్వెన వెళ్ళే చప్పుడు.
ఒకప్పుడు నడుందాకా
తాపీగా దిగే చప్పుడది.
ఇప్పుడు చెవి దాటగానే అయిపోతోంది,
మళ్ళీ మొదలౌతోంది,
అయిపోతోంది.