విరిగినవి మనవి

మిల్డ్యూరాలో డిసెంబరు ఇరవై మూడు.
ఇవాళ నలభై మూడు డిగ్రీలని నిన్న రేడియో చెప్పింది.
ద్రాక్షతోటల వాళ్లకి జాగ్రత్తలు చెప్పింది,
కుక్కలకి నీళ్లు పెట్టమంది.
వెన్న గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

అందుకని తెల్లారుజామున నాలుగింటికే లేచాను.
కూలర్ ఇంకా గురక పెడుతోంది.
ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిముద్ద
కర్ర పడగానే అంచుల్లో పగిలింది,
ఓ నిమిషం బతిమాలితే సాగింది,
మూడో నిమిషానికి బల్లని కరుచుకుని
రానంటే రానంది.
మైదా చల్లు, మళ్లీ ఫ్రిజ్, మళ్లీ కర్ర.

నిస్సీ లేచొచ్చింది, చెప్పుల్లేకుండా,
చల్లటి గచ్చు మీద కాలి మీద కాలేసుకుని నిలబడింది.
"నక్షత్రం నాది" అంది, గుడ్‌మార్నింగ్‌కి బదులు.

అచ్చులు పక్కింటి మెర్ల్ గారివి.
నక్షత్రం, గంట, దేవదూత, మేజోడు,
నెత్తి తుప్పుపట్టిన మంచుమనిషి ఒకడు.
మంచు పడని ఊళ్లో
యాభై ఏళ్లుగా కాపురముంటున్నాడు పాపం.
ఓవెన్‌లోకి తోసేటప్పుడు
"ఏమనుకోకు నాయనా" అంటాను వాడితో, ప్రతి ఏడూ.

చల్లారాక ఐసింగు.
ఇక్కడ నాకెవరి సలహా అక్కర్లేదు,
అరిసెల పాకం చూసిన చెయ్యి ఇది.
అంచుకి ముదురు, నడుమకి లేత.
గరిటె ఎత్తితే జారిన తీగ
పది లెక్కపెట్టేలోగా గిన్నెలో కలిసిపోవాలి.
పుస్తకంలో కొలతలు కప్పుల్లో ఉన్నాయి.
మా అమ్మ కొలత ఒకటే: "చూస్తే తెలీదూ?"
చూశాను. తెలిసింది.

ఆసుపత్రిలో నా పని పిండికట్లు వెయ్యడం.
నిచ్చెన మీంచి పడ్డ మడమలు, స్కేట్‌బోర్డు మణికట్లు.
అక్కడా పిండే, ఇక్కడా పిండే.
రెక్క ఊడిన దేవదూతని
నిస్సీ రెండు దోసిళ్ల జాగ్రత్తతో తెచ్చి నా ముందు పెడితే
ఐసింగుతో అతికించి, కదపకు, అన్నాను.
"ఆరు వారాలా?"
"ఆరు నిమిషాలు."

నాలుగో నిమిషంలో రెక్క మళ్లీ జారింది.
ఎండ కిటికీలోకి వచ్చేసింది.
అప్పుడన్నాను, అనకుండా ఉండాల్సిన మాట:
"పోన్లే. విరిగినవి ఎవరికీ పెట్టం. విరిగినవి మనవి."

ఎనిమిదిన్నరకి చీమలొచ్చాయి,
కిటికీ చట్రం దిగి, సింకు చుట్టూ తిరిగి, బారుగా.
వీటికి సువార్త ఎవరు చెప్పారో!
బల్లకాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి లేచేసరికి
గంట ఒకటి రెండయింది.
"చెయ్యి జారింది" అంది నిస్సీ.
కాసేపటికి మేజోడు. "చెయ్యి జారింది."
ఆ తర్వాత ఒకేసారి రెండు నక్షత్రాలు.
మొహంలో నవ్వన్నది లేదు,
పై పెదవి మీద మాత్రం సన్నగా నీలం మీసం.

ఏసుపాదం నారింజల షెడ్డు నుంచి రాత్రిపని ముగించుకొచ్చి
చొక్కా విప్పుతూనే పళ్లేలు లెక్కపెట్టాడు.
పాస్టరు గారింటికి పన్నెండు, వార్డుకి ఇరవై,
మెర్ల్ గారికి ఎనిమిదికి ఏడే ఉన్నాయి.
"ఈసారి ఇంత పెళుసుగా వచ్చాయేంటి?"
"వెన్న తక్కువైంది" అన్నాను.
నిస్సీ నా వంక చూసింది,
ఒక దొంగ ఇంకో దొంగని చూసినట్టు.

ఎటూ చేరకుండా మిగిలినవాడు మంచుమనిషి.
వేడికి ఐసింగు కారి, క్యారెట్ ముక్కు గడ్డం దాకా దిగింది.
అయినా ముక్కలవ్వలేదు, గట్టివాడు.
వాణ్ణి మెర్ల్ గారి పళ్లెంలో పెడదామని
అరచేతిలోకి తీసుకున్నాను.
వెనిల్లా వాసన. ఇంకా గోరువెచ్చగా ఉన్నాడు.
పొద్దుట్నించీ నేనొక్కటీ తినలేదు.

పన్నెండేళ్లుగా ఎముకలు అతుకుతున్నదాన్ని,
ఎక్కడ వత్తితే విరుగుతుందో
నాకు తెలుసు.