నావ తప్పుతదని

సిరోంచ అవతల చేన్ల, మిర్చి కల్లం మీద
తొడిమలు తీసే కైకిలికి పోయినం తొమ్మిది మందిమి.
ముక్కులకు కొంగులు కట్టుకున్నం గని
మాటలకు ఏం కట్టుకోలే.
"మీకు పానమసొంటి సినిమా ఏదక్కా?"
అడిగింది కొత్త కోడలు తేజుబాయి,
ఫోన్ల ఛార్జింగు అయిపోయి పొద్దు వోక.

రాజుబాయి ఎనుకముందు చూడలే:
"నాది దయ్యం సినిమా.
అది తెర మీదికి వచ్చినప్పుడల్లా
మా ఆయన నా చెయ్యి పట్టుకున్నడు.
పెండ్లయిన నాలుగేండ్లకు అదే మొదలు.
మూడుసార్లు వచ్చింది దయ్యం.
ఇంకో రెండుసార్లు వస్తే దాని సొమ్మేం పోవు?"

మడావి జంగుబాయికి తెలుగు సగమే వస్తది,
మిగిలిన సగం చేతులతోటి చెప్తది.
ఆమె సినిమాకు పేరు లేదు.
గణపతి పండుగకు అహేరిల తెల్లబట్ట కట్టి వేసిండ్రట,
ముందట జాగ లేక
బట్ట ఎనుక కూసొని చూసిందట.
హీరో ఎడమచేత్తో తింటున్నడు, ఎడమచేత్తో తాళి కడుతున్నడు,
అక్షరాలన్నీ తిరగబడి నడుస్తున్నయి.
"నాకెట్లైనా చదువు రాదు.
ఆ రాత్రి నా పక్కన కూసున్న మాస్తరుకు గూడ రాలే."

ఇగ నా వంతు.
నాకు ఇష్టమైన సినిమాకు
ఆఖరు నేను చూడలే.

అప్పటికి వంతెన లేదు.
గోదారి అవతలి ఒడ్డున టూరింగు టాకీసు, ఇవతల మేము.
మూడు గంటల ఆటకు పోతే
పొద్దుగూకే యాళ్లకు ఆఖరి నావ.
తెర మీద, ఏండ్ల కింద ఇల్లిడిసిపోయిన తల్లి
వానల తడుసుకుంట తలుపు కొడ్తది.
లోపల బిడ్డ, చేతులకు పిండి,
"ఎవరు?" అంటది.
గప్పుడే గేటు కాడి పోరడు కూత వేస్తడు:
"సిరోంచోళ్లు లేవుండ్రి!"
లేస్తం.
చెప్పులు చేతవట్టుకొని ఇసుకల ఉరుకుడే ఉరుకుడు.

ఐదుసార్లు పోయిన. ఐదుసార్లు ఆ తలుపు కాడనే లేచిన.

నావ నడిపే కిష్టయ్య తెడ్డేసుకుంట అడిగేటోడు,
"ఎంతదాక చూసిండ్రు?"
"తలుపు దాక."
మిగిలింది ఆయన చెప్పేటోడు,
టాకీసు లోపలి ముఖం ఎరుగని మనిషి.
నీళ్లు నిండుగున్ననాడు బిడ్డ తలుపు తీసేది.
ఇసుక మేట తగిలి నావ ఆగిననాడు తియ్యకపోయేది,
కిటికిలకెళ్లి అన్నం గిన్నె మాత్రం ఇచ్చేది.
ఒకపారి బీడి ముట్టించుకుంట అన్నడు,
"తల్లికే మనసు మారింది,
పక్కింటిదాన్ని, నిప్పు కోసం వచ్చిన అని చెప్పి మళ్లింది."
ఆ రాత్రి నావల ఎవ్వరు మాట్లాడలే.
ఐదోసారి ఆయన భార్య దవాఖానల ఉండె.
ఎంతదాక చూసిండ్రని అడగలే,
మేం గూడ చెప్పలే.
నావ ఒడ్డుకు తగిలిన సప్పుడుకు
నేను ఉలిక్కిపడి "ఎవరు?" అన్న.

కల్లం మీద కొంచెంసేపు ఎవ్వరి చెయ్యి ఆడలే.
తేజుబాయి ఎప్పుడు లేచిందో, ట్రాక్టరు దగ్గర
ఫోనుకు పానం పోసుకొని ఉరుక్కుంట వచ్చింది.
"దొరికిందక్కా! ఆఖరి పది నిమిషాలు!"

పగిలిన అద్దం మీద తొమ్మిది తలకాయలు వంగినయి.
బిడ్డ తలుపు తీసింది.
తల్లిని చూసింది.
ఇంతల జీపుల మామ దిగిండు, పోలీసులు దిగిండ్రు,
గోడ మీదికెళ్లి దొంగ దునికిండు,
తన్నులు, పూలదండలు,
చుట్టాలంతా ఒక్కతాన నిలబడి నవ్విండ్రు. శుభం.

"ఇంతేనా?" అన్నది రాజుబాయి.
"ఇంతే" అన్న,
మిర్చి చేతులతోటి కండ్లు నలుపుకోని
ఇగ తిట్లు నాకే.

జంగుబాయి ఏం అనలే.
ఫోను తీసుకొని మెల్లగ బోర్లేసి
దాని ఎనుక దిక్కు చూసింది.