ఏడు గీతలు

పన్నెండు గీతల్లో ఏడే మిగిలాయని
బేరానికి ముందే చెప్పాడు టార్క్విల్ బీటీ.
గరాజు తలుపు సగం ఎత్తి
గొర్రెబొచ్చు వాసనలోంచి కారును వెనక్కి తీస్తూ
"ఇదీ నాలాంటిదే..." అని మొదలుపెట్టాడు.
"మీ మోకాళ్ళ సంగతి తర్వాత,
కిలోమీటర్లు చెప్పండి" అన్నాను.

ఎండాకాలం ఎనభై.
చలికాలం, హీటరు జోలికి పోకపోతే, అరవై నాలుగు.
ఎదురుగాలి ఉంటే
సముద్రం వైపు చూసి ఊరుకున్నాడు.

ఒరెపుకిలో మా గుమ్మం నుంచి
రివర్టన్‌లో నేను పనిచేసే రొట్టెల బట్టీకి ఇరవై తొమ్మిది.
రానూ పోనూ యాభై ఎనిమిది.
అరవై నాలుగులోంచి తీసేస్తే ఆరు.
ఆ ఆరు కిలోమీటర్ల మీదే గంటసేపు బేరమాడాం.
చివరికి మూడువేల నాలుగు వందల డాలర్లు,
సీటు మీది గొర్రెతోలు ఊరికే.

పాత పెట్రోలు బండి
వారానికి నా జీతంలో ఒక పూర్తి రోజుని తాగేసేది.
ఇది తాగదు, కానీ లెక్క అడుగుతుంది.
తెల్లవారుజామున మూడింటికి
ఒళ్ళో వేడినీళ్ళ సంచి, చేతులకి ఊలు తొడుగులు,
అద్దం మీది మంచు గీకడానికి గడువు తీరిన లైబ్రరీ కార్డు.
రేడియో పెట్టను. ఎందుకో తెలీదు,
రేడియో ఎంత తింటుంది గనక.
ఎత్తు ఎక్కేటప్పుడు ఊపిరి బిగబడతాను,
పల్లంలో కాస్త చిల్లర తిరిగి ఇస్తుంది
నిజాయితీగల కొట్టువాడిలా.

తాళం తిప్పగానే
జపాను భాషలో ఒక ఆడగొంతు ఏదో అంటుంది.
మెత్తగా, ఒక్క వాక్యం.
ఏడాదిపాటు దాన్ని దీవెన అనుకున్నాను.

మా దారిలో చెట్లన్నీ
సముద్రానికి వీపు చూపించి వంగిపోయి ఉంటాయి.
అవి అలా ఎందుకున్నాయో ఆ ఆగస్టులో తెలిసింది.
పని ముగించి వస్తుంటే గాలి ముఖాన కొట్టింది.
పాహియా దగ్గర ఆఖరి గీత కూడా పోయి
మీటరు మీద తాబేలు బొమ్మ వెలిగింది.
కారు నడక కూడా దానిదే అయింది.

పాలషెడ్డు ముందు ఆపాను.
రబ్బరు బూట్ల మీద వైమరీ వచ్చింది. పరిచయం లేదు.
"ఎంత కావాలి?"
"తొమ్మిది కిలోమీటర్లు."
"గంటల్లో చెప్పు."
"ఒకటి."
దూడల పాలు కాచే మిషను తీగ పీకి
నా తీగ పెట్టింది.
నలభై దూడలు ఒక్కసారి నోళ్ళు తెరిచాయి.
"అరవనీ" అంది.
మిగిలిపోయిన రెండు రొట్టెలు ఇచ్చాను.
వద్దనలేదు. అది నాకు బాగా నచ్చింది.

పోయిన నెల బట్టీలో చిహరు అని ఒకమ్మాయి చేరింది,
ఒసాకా నుంచి, ఆర్నెల్ల వీసా మీద.
ఒక పొద్దున్న నాతో కారెక్కింది.
ఆ గొంతు వినగానే పగలబడి నవ్వింది.
"కార్డు పెట్టలేదు అంటోంది."
"ఏం కార్డు?"
"టోల్‌గేటు కార్డు."

మా దారిలో టోల్‌గేటు లేదు.
గొర్రెలు అడ్డొస్తే ఆగాలి, అంతే.
అయినా అది రోజూ అడుగుతూనే ఉంది,
కసురుకోకుండా, చిన్నబుచ్చుకోకుండా,
నిన్న దొరకలేదని ఇవాళ మానకుండా.

ఈ వారం ఏడో గీత పోయింది.
ఆరుతో ఇల్లు చేరను, నాలుగు తక్కువ.
బట్టీ వెనక పిండిబస్తాల పక్కన
ఒక ప్లగ్గు ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.
పదకొండేళ్ళలో ఆ యజమానిని
చేటెడు పిండి అడగలేదు నేను,
ఒక సెలవు అడగలేదు.

ఇవాళ అడగాలి.
మంచు గీకి, తాళం తిప్పాను.
"మళ్ళీ అను" అన్నాను కారుతో.
ఆపి, మళ్ళీ తిప్పాను.