కొత్త గీతలు

సోమవారం పొద్దున తెర మీద
డబ్బాలు, గీతలు.
నిన్నటిదాక నా పేరు నసీమా కింద ఉండె,
ఇయ్యాల ఎవరో పూణె ఆయన కింద.
మొహం తెల్వదు.
మీటింగుల ఒక్కసారి దగ్గంగ విన్న.

దివిటిపల్లి టవర్ల ఏసీ అదే సల్లదనం.
నా కుర్చీ మాత్రం కిటికీ కాడికెళ్లి
ప్రింటర్ పక్కకొచ్చింది.
మూడేండ్లు బిల్లింగ్ తప్పులు దిద్దిన చేతికి
ఇప్పుడు టెస్టింగట:
మంది తప్పులు ఏరి చూపెట్టుడు.

మా నాయన రింగురోడ్డు పనికాడ
నలుగురు మేస్త్రీల చేతులు మారిండు.
ఫోన్ల చెప్తే ఒక్కటే అడిగిండు,
"కొత్త మేస్త్రి నీళ్లు తాగనిస్తడా?"
నవ్విన. జవాబు చెప్పలే.

నాలుగింటికి ఛాయ్ బండి కాడ
కుర్మయ్య అడగకుండనే ఏడు గ్లాసులు నింపిండు.
నిలబడ్డది ముగ్గురం.
మిగిలినోళ్లు నాలుగో అంతస్తుల
వేరే గీత కింద, వేరే షిఫ్టుల.
నాలుగు గ్లాసుల మీద ఆవిరి
ఊకనే పోతున్నది.

"రేపటి సంది ఎన్ని పొయ్యాలె బిడ్డా?"

పూణె సార్‌నడిగి చెప్త, అన్న.
నిరంజన్‌కు పొలమారింది.
నవ్వుకుంట, దగ్గుకుంట
అందరి ఛాయ్‌లూ మేమే తాగినం.