వాది

మార్చి రెండో మంగళవారం. న్యూ హాంప్‌షర్‌లో హార్లో ఫాల్స్,
స్కూలు జిమ్‌లో బాస్కెట్‌బాల్ గీతల మీద మడత కుర్చీలు.
ఊరంతా కలిపి నూట ముప్పై మందిమి వచ్చాం.
బూట్లకి అంటుకొచ్చిన మంచు కరిగి
కుర్చీల కింద చిన్న చిన్న మడుగులు.
పదిహేడో అంశం: క్వింబీ లేన్‌లో మంచు తీసే ఖర్చు
ఊరు భరించాలా, ఆ నాలుగిళ్ళవాళ్ళా.
నాలుగింట్లో ఒకటి నాది.

ఎమరీ థిబడో లేచాడు.
మోచేతుల దాకా గ్రీజు, చేతిలో కాగితం లేదు.
"నా జేబులో చెయ్యి పెట్టి ఎవరికీ మంచి చెయ్యకండి.
మంచి నేనే చేస్తాను.
నాకిష్టమైతే."
కూర్చున్నాడు. కుర్చీ కిర్రుమంది.
ఎత్తిన చేతులు రెండుసార్లు లెక్కపెట్టారు.
అయిదు చేతుల తేడాతో
మా సందు ఊళ్ళోంచి జారిపోయింది.

నేను పళ్ళు శుభ్రం చేసే మనిషిని.
గురువారం ఆయన నా కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నాడు.
ఆ గంటసేపు ఆయనకి వాక్స్వాతంత్ర్యం లేదు.
ఉమ్మడానికి లేచినప్పుడు అడిగాడు:
"నాలాంటి లిబర్టేరియన్ని మీ భాషలో ఏమంటారు?"

స్వేచ్ఛావాది, అన్నాను.
విప్పి చూపించమన్నాడు, ఇంజను విప్పినట్టు.
స్వ అంటే తన. ఇచ్ఛ అంటే కోరిక.
వాది దగ్గర ఆగాను.
వాదించేవాడు అనుకోవచ్చు గానీ
మా కోర్టుల్లో వాదంటే దావా వేసినవాడు.
"మరి ప్రతివాది ఎవరు?"
జవాబుగా నా చిన్న అద్దాన్ని
ఆయన వెనక పళ్ళ మీదికి పోనిచ్చాను.

మళ్ళీ లేచాక, మాట మార్చడానికి,
ట్యాక్సుని పన్ను అంటామని చెప్పాను,
ఇదిగో, దీన్నీ పన్నే అంటామని.
పగలబడి నవ్వాడు:
"ఏది పీకినా పీకేవాడికి నొప్పుండదు."

చెప్పనివి కొన్ని మిగిలాయి.
"స్వేచ్ఛగా తిరుగుతోంది" అని మా హాస్టల్ వార్డెన్
నా రూమ్మేట్ ఇంటికి రాసిన ఉత్తరంలో
ఆ మాట మెచ్చుకోలు కాదు.
ఇష్టారాజ్యం ఏ మ్యాపులోనూ లేదు, అదొక తిట్టు.
"నీ ఇష్టం" అని మా పెద్దక్క అందంటే
ఆ పనికి గడియ పడ్డట్టే.
ఏ నిఘంటువూ ఆ గొంతుని ఎక్కించుకోలేదు.

ఏప్రిల్ మొదట్లో మోకాలి లోతు పడింది.
తెల్లారగట్ల అయిదింటికి పసుపు లైటు
నా పడగ్గది గోడ మీద తిరిగింది.
ఆయన ట్రక్కే. సందంతా చెక్కేసి,
నా ఉత్తరాల పెట్టె చుట్టూ మాత్రం
చెంచాతో తీసినంత మెల్లగా.
డబ్బివ్వబోతే కారద్దం ఎత్తేసుకున్నాడు.

కృతజ్ఞత లేదనను.
కానీ ఊరి ట్రక్కు వచ్చిన నాలుగేళ్ళూ
దాని డ్రైవరు పేరైనా నాకు తెలీదు.
లేచి, కారు తీసి, పోయేదాన్ని,
ఎవరికీ ఒక నవ్వు కూడా బాకీ పడకుండా.
ఇప్పుడు మంచు కురిసిన రాత్రల్లా
ఒక మనిషి ఇష్టం కోసం చెవి ఒగ్గి పడుకుంటాను.
ఇందులో ఎవరిది స్వేచ్ఛో
దావా వేస్తే తేలుతుందేమో.

మే నెలలో వచ్చాడు. మంచు తోసే బ్లేడుకి
కొత్త రంగు వేస్తున్నాడట.
దాని అడుగు అంచున ఆ మాట కావాలట, మా అక్షరాల్లోనే.
రసీదు వెనక రాసిచ్చాను: స్వేచ్ఛ.
చాలాసేపు చూసి, నల్లబడ్డ గోటితో
కింద వేలాడేవాటిని చూపించాడు.
"ఇవేంటి?"
వత్తులు. ఒకదాని కింద ఇంకోటి.
"తీసేస్తే?"
సేచ. అర్థం లేదు.
"రెండక్షరాలకీ తగిలించారే!
దీనికెవరు ఓటేశారు?"
మీ ఇష్టం, అన్నాను తెలుగులోనే.
ఏ గొంతుతో అన్నానో నాకే తెలీదు.

వేశాడు. వత్తులతో సహా, నల్ల రంగుతో, వంకరగా.
డిసెంబరు, జనవరి.
రోడ్డుకి రాసుకుని రాసుకుని
కిందవే ముందు చెరిగాయి.
ఇప్పుడది సేచ.
సందులో దాన్ని చదవగలిగేది
నేనొక్కదాన్నే.