కాకెంగిలి

ఫయాల్ దీవి కనుమరుగై ఏడు గంటలయింది.
వించి దగ్గర ఫిర్మీనో.
మూడువేల మీటర్ల తాడు
ఏడాది తర్వాత పైకొస్తోంది,
వణుకుతూ, నీళ్ళు కక్కుతూ.
చివర ఒక పసుపుపచ్చ గరాటు.

గరాటు కింద ఇరవై ఒక్క సీసాలు.
పదిహేడు రోజులకొకటి
తన వంతు రాగానే
నోరు తెరుచుకుని కూచుంటుంది
రాలేది ఏదైనా సరే పట్టుకోవడానికి.

ఏం రాలుతుంది?
చచ్చిన నాచు. రొయ్య విడిచిన అంగీ.
పేరులేని జెల్లీ పురుగు చీమిడి.
ఎక్కువ భాగం, మర్యాదగా చెప్పడం కుదరదు, పెంట.
చీమతలకన్నా చిన్న పెంటికలు
ఒకదాన్నొకటి అంటుకుని, పెచ్చులై,
నెల్లాళ్ళు చీకట్లోకి దిగుతాయి.

పుస్తకాలు దీన్ని మంచు అంటాయి.
దెవొలిందా అనదు.
"మంచు ఎవరి కడుపూ నింపదు" అంటుంది
చేతితొడుగు పళ్ళతో లాగి తొడుక్కుంటూ.
నా మాటలో చెప్తే ఎంగిలి.
పైవాళ్ళు వదిలినది
కింద కాచుకున్న వాళ్ళకి అన్నం.
సూర్యుణ్ణి ఒక్కసారీ చూడనివాళ్ళు
తినేదంతా ఎండే,
నాలుగైదు నోళ్ళు మారి వచ్చిన ఎండ.

ల్యాబు వంటగదంత.
బల్లమీద పంపు, గాజు గరాటు,
మధ్యలో రూపాయి బిళ్ళంత వడపోత కాగితం,
గాజు నూలుది, పొయ్యిలో కాల్చి శుద్ధిచేసినది.
ఆమె పోస్తుంది. పంపు గురకపెడుతుంది.
పైన నిలిచింది రేణువు.
దాటిపోయింది కరిగినది.
అంతే శాస్త్రం.
ఇంకో కంపెనీ కాగితమైతే
సరిహద్దు ఇంకోచోట.

చిన్నప్పుడు పిప్పరమెంటు బిళ్ళ
చొక్కా అంచులో చుట్టి పటుక్కున కొరికేవాళ్ళం.
సగం నీకు, సగం నాకు.
గుడ్డ అడ్డముంది కనక ఎంగిలి కాదు, కాకెంగిలి.
తడి గుడ్డ దాటేది. తీపి దాటేది.
దాటినదాన్ని ఏమనాలో
అప్పుడు ఎవరికీ తోచలేదు.
ఇప్పుడు ఇక్కడ సీసాలకి చీటీలు రాస్తున్నాను.

గుమ్మంలో ఫిర్మీనో,
గ్రీజు చేతులు లోపలికి రానివ్వకుండా వెనక్కి కట్టుకుని.
"పదమూడోది చూపిస్తావా?"
ఏప్రిల్ మొదటివారం. అతని అన్న అబీలియో
ట్యూనా పడవ ఇటువైపే వచ్చింది.
పడవ పలక ఒకటి దొరికింది. అంతే.

దెవొలిందా పట్టిక మీద వేలు జరిపింది.
"కిందికి రావడానికి నెల పడుతుంది.
నీక్కావలసింది పదిహేనోది."

అడుగున రెండు వేళ్ళ మందాన మడ్డి.
పచ్చగా ఉంది.
ముందు సీసాలన్నీ బూడిదరంగు, ఇదొక్కటే పచ్చన.
"నాచు పూసింది, ఫిర్మీనో. వసంతం.
ప్రతి ఏడూ అప్పుడే."
అతను తల ఊపాడు,
వాతావరణం సంగతి విన్నట్టు.

కాసేపటికి: "మరి కరిగినదో?"

"చక్కెరలాంటిదైతే ఒక పూట కూడా ఉండదు,
సూక్ష్మజీవులు ఎగబడతాయి.
ఎవరికీ కొరుకుడుపడనిదే మిగిలిపోతుంది.
అడుగు నీళ్ళతో పాటు
లోకమంతా చుట్టి వస్తుంది.
నాలుగువేలేళ్ళు. ఐదువేలు."

"ఎవరికీ కొరుకుడుపడనిది" అన్నాడు ఫిర్మీనో.
మళ్ళీ అన్నాడు.
"అప్పు తీర్చేవాడు కాదు. చర్చిలో కునికేవాడు.
నా పెళ్ళిలో మా మామని కొట్టాడు.
మా అమ్మకి కూడా వాడు మింగుడుపడలేదు."
నవ్వు మొదలై
ఎక్కడో తాడులా చిక్కుపడింది.
దెవొలిందా పంపు ఆపలేదు.
ఆపితే మడ్డి ఎండిపోతుంది.

కాగితం మీద పచ్చటి మరక.
దాని డబ్బీ మీద పదిహేను అని రాశాను.
దాటిపోయిన నీళ్ళ సీసామీదా
పదిహేనే.
దాన్లో కంటికేమీ ఆనదు.
ఫిర్మీనో చేతులు తుడుచుకుని లోపలికొచ్చి
ఆ రెండోదాన్నే తీసుకుని
దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు.

వించి దగ్గర ఎవరో పిలుస్తున్నారు.
ఇంకా చూస్తూనే ఉన్నాడు.